చుట్టు తిరిగి పోయిన మద్రాసు విమానం

విమానాశ్రయంలో పనిచేశానని చెప్తే ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. "విమానం నడిపేవారా?" అంటారు. లేదంటాను. "రిపేరు చేసేవారా?" అదీ కాదంటాను. ఇక్కడి నుంచి అక్కడికి ఎంత దూరమో, ఏ దిక్కుగా పోవాలో, ఎంతసేపు పడుతుందో, ఎంత పెట్రోలు పోయించుకోవాలో లెక్క కట్టి కెప్టెన్ చేతిలో పెట్టేవాడిని అంటాను. "అంతేనా?" అంటారు. అంతే. ఆ అంతేలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. సంతోషంగానే గడిచింది.

ఈ మధ్య ఈ పనిలో చేరబోతున్న పిల్లలు కొందరు నల్లగొండలో మా ఇంటికి వచ్చారు. ఇప్పుడు కంప్యూటరే దూరమూ వేళా చెప్పేస్తుందట. మంచిదే. మా కాలంలో పెన్సిలూ స్కేలూ అరిగేదాకా గీసినవాళ్ళం కాబట్టి అసూయ పడాలి గాని, పడలేదు. వాళ్ళు పోయేటప్పుడు ఒకమ్మాయి "ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఏది సార్?" అని అడిగింది. అప్పటికప్పుడు ఏదో చెప్పి పంపించాను. అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను.

దూరమేనా?

మాది ఆలేరు దగ్గర ఒక పల్లె. మా వైపు ప్రయాణమైన మనిషిని "ఎక్కడికి?" అని అడగరు. అడిగితే పోయే పని చెడుతుందని నమ్మకం. "దూరమేనా?" అంటారు. పోయేవాడు "జర దూరమే" అనో "గీడిదాకనే" అనో అంటాడు. ఊరి పేరు చెప్పాలనిపిస్తే తనే చెప్తాడు.

అట్లా పెరిగిన నన్ను తెచ్చి బేగంపేట విమానాశ్రయంలో, పొద్దున లేస్తే కెప్టెన్లను "ఎక్కడికి?" అని అడగాల్సిన కుర్చీలో కూర్చోబెట్టారు. మొదట్లో నోరు పెగల్లేదు. బొంబాయి నుంచి వచ్చిన ఒక కెప్టెన్, అసలే తొందర మనిషి, నా బల్ల ముందు నిలబడితే "దూరమేనా సాబ్?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అది నువ్వు చెప్పాలి. అందుకే కదా నిన్ను ఇక్కడ పెట్టింది!" అన్నాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గాని చెవులు కాలిపోయాయి.

ఇంకో అలవాటు వదిలించుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. మా ఊరి రైతును ఫలానా ఊరు ఎంత దూరమని అడగండి. "గీడనే. అగో, గా గుట్ట దాటితే" అంటాడు. ఆ గుట్ట దాటితే మరో గుట్ట ఉంటుంది. అక్కడొకర్ని అడిగితే ఆయనా "గీడనే" అంటాడు. అబద్ధం కాదు. నడిచేవాడికి నీరసం రాకూడదని చెప్పే మాట అది. విమానంలో కూర్చున్నవాడికి మాత్రం అట్లాంటి మంచి మాట చెప్పకూడదు. ఉన్నదే చెప్పాలి, అది చేదుగా ఉన్నా.

పుట్టి నడిపే విద్య

మా సెక్షన్ పెద్ద మొహియుద్దీన్ సాబ్. మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూరు ఆయన, కృష్ణకు దగ్గరి ఊరు. చిన్న మనిషి, పెద్ద గొంతు. చాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగేవాడు. ఆ సాసర్ మ్యాపు మీద పెట్టి ఎన్ని ఊళ్ళు తడిపాడో లెక్కలేదు. కోపం వస్తే ఉర్దూలో తిట్టేవాడు, నేర్పాల్సి వస్తే తెలుగులోకి దిగేవాడు.

నేను చేరిన కొత్తలో హైదరాబాదు నుంచి మద్రాసుకు మ్యాపు మీద ఒక గీత గీసి, "ఇదే దారి సాబ్" అన్నాను గర్వంగా. ఆయన ఆ గీతను చూడనేలేదు.

"యాదగిరీ, పుట్టి ఎక్కినవా ఎన్నడన్న?"

"లేదు సాబ్. మా దిక్కు ఏరే లేదు."

"మా కృష్ణల పుట్టి ఏసుకొని అవుతలి ఒడ్డుకు పోతరు. ఎదురుంగ ఊరు కనపడుతనే ఉంటది. గా ఊరి దిక్కే మొఖం పెట్టి తెడ్డు ఏసినవనుకో, ఏడ తేలుతవ్? కోసెడు దూరం కింద తేలుతవ్. అందుకే పుట్టోడు ఎగువకు మొఖం పెట్టి కొడతడు. గాలి గూడ ఏరే. నీ గీతల ఏరు ఏడున్నది? సూపెట్టు."

ఆ రోజు నుంచి గాలి ఎటుందో తెలియకుండా పెన్సిల్ ముట్టలేదు. హైదరాబాదు నుంచి మద్రాసు మూడు వందల మైళ్ళ పైచిలుకు. అప్పటి డకోటా విమానం రెండు గంటలు దాటాక చేర్చేది. దూరం ఏ రోజూ మారదు. వేళ మాత్రం రోజూ మారుతుంది. మా పనంతా ఆ మారేదాని గురించే.

తర్వాతి కాలంలో ఇంకో అధికారి వచ్చాడు, పేరు ఎందుకులెండి. గాలి ఎటు వీచినా సరే, అచ్చేసిన టైంటేబుల్లో ఉన్న వేళనే రాయమనేవాడు. నెత్తీనోరూ కొట్టుకున్నా వినేవాడు కాదు. ఎదురుగాలి రోజు ఒక విమానం ఆలస్యంగా, పెట్రోలు అడుగంటుతుండగా దిగింది. కెప్టెన్‌కు అరికాలి మంట నెత్తికెక్కి ఆఫీసులోకి వస్తే, ఆ పెద్దమనిషి "గాలి మోసం చేసింది" అన్నాడు. గాలి ఎవర్నీ మోసం చేయదు. అట్లాంటి అధికారులు మీకూ తగులుతారు. నమస్కారం పెట్టండి, లెక్క మాత్రం మీదే రాయండి.

దొర అడిగిన దూరం

నేను చేరే నాటికి నల్లగొండ పల్లెల్లో దొరల మీద సంఘం లేచింది. వాళ్ళ గడీలు ఖాళీ అవుతున్నాయి. మా వైపు దొర ఒకాయన పెట్టెలతో సహా బేగంపేట వచ్చి మద్రాసు విమానం కోసం కూర్చున్నాడు. ఊళ్ళో ఆయన ముందు ఎవరూ కూర్చోలేరు. ఇక్కడ ఆయనకెదురుగా ఒక సేటు కాలు మీద కాలేసుకొని నిద్రపోతున్నాడు. దొర లేచి మా గదిలోకి వచ్చాడు.

"మద్రాసు ఎంత దూరముంటది?"

"మూడు వందల మైళ్ళ పైనే దొరా."

ఆయన మొహం తేటపడింది. "ఎంతసేపట్ల పోతది?"

"రెండు గంటల మీద కొంచెం."

తేటపడిన మొహం మళ్ళీ చిన్నబోయింది. "గంత జల్దియా? గంత జల్ది పోయేది దూరమెట్లయితది? గాళ్ళు గూడ రారా ఎనుకనే?"

మొహియుద్దీన్ సాబ్ సాసర్ కింద పెట్టి, "ఫికర్ చెయ్యకుండ్రి. సంగపోళ్ళకు విమానం లేదు" అన్నాడు. దొర నవ్వలేదు. విమానం ఎక్కేదాకా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పాపమనిపించలేదు, అబద్ధమెందుకు. మా నాయిన ఆ గడి ముందు చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిన మనిషి. కాని దొర ప్రశ్న మాత్రం బాగా అడిగాడు. ఆయనకు కావాల్సింది మైళ్ళు కాదు, నిబ్బరం. దూరం అడిగే ప్రతి మనిషీ ఇంకేదో అడుగుతున్నాడని నాకు అర్థమైంది ఆ రోజే.

మర్రిగూడ మీద గీత

నా భార్య సత్తెమ్మది మర్రిగూడ. మద్రాసు గీత సరిగ్గా ఆ ఊరి మీదుగా పోతుంది. బేగంపేటలో లేచిన పావుగంటకు విమానం అక్కడ ఉంటుంది. పొద్దున గొడ్లను మేతకు తోలే వేళకు దక్షిణం పోయేది, సాయంత్రం అవి ఇల్లు చేరే వేళకు వెనక్కి వచ్చేది. ఊరికి అదే గడియారం. "మద్రాసుది పోయింది, ఇంక లేవవా?" అని పిల్లలను లేపేవారట.

పెళ్ళయిన కొత్తలో సత్తెమ్మకు నా పని గురించి చెప్పాను. ఆమె బాగా ఆలోచించి, "అయితే గది నువ్వు పంపితెనే వస్తదన్నట్టు" అంది. నేను పంపను, దాని దారి, వేళ లెక్క కడతానంతే అని ఎంత చెప్పినా, ఆమె ఆ ఒక్క మాట పట్టుకుంది. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోతూ నన్ను ధైర్యంగా ఉండమని చెప్పింది. "నాకేం ఫికర్ లేదు. దినాం విమానం వస్తే నువ్వు మంచిగున్నట్టే" అంది. నేను నవ్వాను. లోపల మాత్రం ముచ్చటేసింది. ఆ తర్వాత మద్రాసు లెక్క కట్టిన ప్రతిసారీ నా పెన్సిల్ మర్రిగూడ దగ్గర ఒక్క క్షణం ఆగేది.

విమానాలు ఆగిన రోజులు

తర్వాత సంగతి మీరు చదువుకున్నదే. ఇండియా ప్రభుత్వానికీ నిజాంకూ చెడి, రాకపోకలు బందయ్యాయి. మద్రాసు విమానం ఆగిపోయింది. పల్లెల్లో రజాకార్ల దాడులు, టపా లేదు, బస్సు లేదు. పోలీస్ యాక్షన్ మొదలయ్యాక విమానాశ్రయాల మీద బాంబులు పడుతున్నాయని పుకార్లు లేచాయి. నిజానికి మేము మా గదిలో పనిలేక ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం.

పట్నంలో తుపాకుల చప్పుడు ఆగాక, మర్రిగూడ పక్క ఊరాయన ఒకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"బేగంపేట మీద బాంబులేసిండ్రు, ఆఫీసోళ్ళు ఒక్కరు గూడ మిగల్లేదని మా దిక్కు పుకారు. మీ ఇంటామెకు తిండి సయిస్తలేదు. పొద్దుమాపు మొగులు దిక్కే సూస్తాంది. కాన్పు ఇయ్యాల రేపు అన్నట్టున్నది, గట్ల పస్తులుంటే ఎట్ల?"

"నువ్వు మళ్ళీ పోతే నేను బతికున్ననని జర చెప్పవా?" అన్నాను.

"నేనిప్పట్ల పోను. సంగపోళ్ళని ఏరతాండ్రు మిలిటరోళ్ళు. తొవ్వల కనపడ్డ పడుసు పోరగాన్నల్ల పట్టుకపోతాండ్రు. నువ్వు గూడ పోకు."

సెలవు అడిగాను, ఇవ్వలేదు. విమానాలు మళ్ళీ మొదలవుతున్నాయి, ఉన్నవాళ్ళమే కొద్దిమందిమి. మద్రాసు విమానం ఎప్పుడని అడిగితే ఎల్లుండి అన్నారు. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. నేను పోకపోయినా అది పోతుంది. సత్తెమ్మ చూస్తుంది, అన్నం తింటుంది.

రెండు దారులు

విమానం పోవాల్సిన రోజు పొద్దున్నే ఆఫీసుకు పోయేసరికి వాతావరణ శాఖ కాయితం బల్ల మీద ఉంది. నల్లమల మీద ఉరుముల మబ్బు, కొండలు కనిపించడం లేదు. బెజవాడ వైపు తెరిపిగా ఉంది.

మద్రాసుకు రెండు దారులు. తిన్నగా పోతే మర్రిగూడ మీదుగా, కృష్ణ దాటి, నల్లమల మీదుగా పోవాలి. చుట్టు తిరిగితే నల్లగొండ మీదుగా బెజవాడకు పోయి, అక్కడి నుంచి సముద్రం వెంట దిగాలి. దూరమూ ఎక్కువే, వేళా ఎక్కువే, పెట్రోలూ ఎక్కువే. ఆ దారిలో పోతే విమానం మర్రిగూడకు కనిపించదు సరికదా, చప్పుడు కూడా వినిపించదు.

మామూలుగా అయితే మబ్బున్న రోజు మొహియుద్దీన్ సాబే గీత గీస్తాడు. ఆ రోజు కాయితం నా ముందుకు తోసి, "నువ్వే గియ్యి" అని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. నా ఇంటి సంగతి ఆయనకు మొత్తం తెలుసు.

ఆ గదిలో నేను ఎంత ఘోరంగా ఆలోచించానో చెప్తే నవ్వుతారు. మబ్బు ఉన్నది నల్లమల మీద కదా, మర్రిగూడ దాకా తిన్నగా పోయి అక్కడ పక్కకు తిరగవచ్చు కదా అని స్కేలు పెట్టి చూశాను. తిరగవచ్చు. కాని ఆ మలుపు దగ్గర మబ్బు అంచు పట్టుకొని పోవాలి, పెట్రోలు బొటాబొటిగా సరిపోతుంది. మబ్బు ఇటు జరగకపోవచ్చు, కెప్టెన్ గట్టివాడు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఊళ్ళో రైతు చెప్పే "గీడనే" మాట నా లోపల నుంచే వినిపించింది. కన్నీళ్ళు వచ్చాయి, సిగ్గు లేకుండా చెప్తున్నాను. కళ్ళు తుడుచుకొని బెజవాడ గీత గీశాను.

కెప్టెన్ వచ్చాడు, ఆ బొంబాయి ఆయనే. "దూరమేనా?" అని ఆయనే నన్ను వెక్కిరించాడు, ఆ పాత సంగతి మరవలేదు.

"ఇవాళ నిజంగానే దూరం సాబ్" అన్నాను.

విమానం లేచి తూర్పుకు తిరగడం చూస్తూ నిలబడ్డాను. మొహియుద్దీన్ సాబ్ నా పక్కకు వచ్చాడు.

"నేను గీస్తే నీ మీద జాలితోని చెయ్యి వంగేది, యాదగిరీ. అందుకే నిన్ను గియ్యమన్న. నీ చెయ్యి వంగదని నాకెరుకే."

"మీ ఇంటి సంగతి ఏమన్న తెలిసిందా సాబ్?" అన్నాను. ఆత్మకూరులో ఆయన తల్లి, పిల్లలు ఉన్నారు. ఆ రోజుల్లో పల్లెల్లో ముస్లిం ఇళ్ళకు ఎంత భయమో మాకు తెలుసు.

"మా ఊరు ఏ గీత మీద పడదు" అన్నాడు, అంతే.

తర్వాత ఆయనకూ కబురు వచ్చింది. పక్కింటి రైతు కుటుంబం వాళ్ళందర్నీ తమ ఇంట్లో దాచుకొని, వాకిట్లో తామే మంచాలేసుకొని పడుకున్నారట. ఆ కబురు విన్న రోజు సాబ్ ఆఫీసులో అందరికీ చాయ్ చెప్పాడు, తన సాసర్ నా చేతికిచ్చాడు.

పొద్దున పోనిది సాయంత్రం వస్తే

తొవ్వలు నిమ్మళించాక సెలవు దొరికింది. మర్రిగూడలో వాకిట్లో అడుగు పెట్టేసరికి మా మామ నర్సయ్య మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఆయన నడుము, మెడ కర్రల్లా బిగుసుకుపోయాయి. తల తిప్పి చూడలేక మనిషిని మొత్తం తిప్పుకొని నన్ను చూశాడు.

"అల్లుడా, నువ్వేనా? రా, రా. బిడ్డ పుట్టింది. ఆడివిల్ల. ఇద్దరు మంచిగున్నరు."

నేను అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ఆయన నవ్వి, నీళ్ళు తెప్పించి, విమానం వచ్చిన సాయంత్రం సంగతి చెప్పాడు.

ఆ పొద్దున విమానం రాలేదు. సాయంత్రానికి నల్లమల మీద మబ్బు జరిగిపోయింది. మద్రాసు నుంచి కెప్టెన్ తిన్నని దారినే వెనక్కి తిరిగాడు. గొడ్లు ఇల్లు చేరే వేళకు దక్షిణం నుంచి విమానం చప్పుడు వచ్చింది. పొద్దున పోనిది సాయంత్రం ఎట్లా వస్తుంది? ఇది మద్రాసుది కాదు, మిలిటరీది, బాంబులు వేయడానికి వస్తున్నదని ఊరు ఊరంతా జొన్నచేలల్లోకి పరుగెత్తింది. గొడ్లు బెదిరి చెదిరిపోయాయి. పరుగెత్తలేని మామ ఒక్కడే వాకిట్లో మిగిలాడు. ఆయన్ను వదిలి సత్తెమ్మ కదలలేదు.

"నాకు మెడ లేవది గద. ఎటుకెల్లి వస్తాంది బిడ్డా, ఏం వస్తాంది అని అడిగిన. నాయినా, గిది మద్రాసుదే, మర్లి వస్తాంది అన్నది. పొద్దుగాల పోలే గద బిడ్డా అన్న. వానకు వాగు తొవ్వ మునిగితే మనం కట్ట మీదికెల్లి చుట్టు తిరిగి పోమా, గట్లనే చుట్టు తిప్పి పంపిండు ఆయన, బతికే ఉన్నడు అన్నది. అనుకుంటనే ఇంట్లకు వోయి గటుక పోసుకొని తిన్నది. నేను గూడ ఇంత తిన్న. ఊరోళ్ళు జొన్నలకెల్లి వచ్చి మమ్ముల జూసి తెల్లమొఖమేసిండ్రు."

లోపలికి పోయాను. సత్తెమ్మ బాలింత మంచం మీద ఉంది, పక్కన పసిది నిద్రపోతున్నది. పొద్దున విమానం రాకపోవడానికి కారణం నేనేనని, ఆమె చూస్తున్నదని తెలిసే ఇంకో దారి గీశానని చెప్పాను.

"ఎరుకే" అంది.

"మలుపు ఇంకో తీరుగ పెడితే ఈ ఊరి మీదికెల్లి పోయేటిదే సత్తెమ్మా. నేనే పెట్టలే."

ఆమె పసిదాని మీద గుడ్డ సర్ది, మెల్లగా అంది.

"మంచి పని జేసినవ్. నేనొక్కదాన్నేనా మొగులు దిక్కు సూసేది? గా విమానంల కూసున్నోళ్ళ ఇండ్లల్ల గూడ సూస్తనే ఉంటరు."

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎన్ని వేల గీతలు గీశానో తెలియదు. ప్రతి గీతకూ రెండు కొసల్లో రెండు విమానాశ్రయాలు ఉంటాయని మ్యాపు చెప్తుంది. ఆ కొసల్లో ఎవరుంటారో మా ఇంటామె చెప్పింది. కష్టమైంది ఏదని అడిగిన అమ్మాయీ, నా జవాబు ఇదే: మన ఇంటి మీదుగా పోయే దారి ఎదురుగా కనిపిస్తుంటే, పక్కవాళ్ళ ఇంటికి క్షేమంగా చేర్చే దారి గీయడం.

మొన్న సాయంత్రం మా డాబా మీదుగా జెట్ విమానం ఒకటి తెల్లటి చార గీసుకుంటూ పోయింది. సత్తెమ్మ బట్టలు తీస్తూ చెయ్యి అడ్డం పెట్టుకొని, అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఎక్కడికని అడగలేదు. "ఎవరి ఇంటోళ్ళో ఏమో, మంచిగ చేరనీ" అని బట్టలు తీసుకొని లోపలికి పోయింది.